కొలతలు చూపించకుండా ఇంజన్ మార్చమంటే ఒప్పుకోవద్దు

ఇంజన్ అయిపోయిందని చెప్పాలంటే ముందు దాన్ని విప్పాలి. హెడ్డు దించాలి, ఆయిల్ సంపు తీయాలి, నాలుగు సిలిండర్లూ బోర్ గేజ్ పెట్టి కొలవాలి, క్రాంక్ జర్నల్స్ మైక్రోమీటరుతో చూడాలి. వచ్చిన అంకెలు కాగితం మీద రాసి బండి యజమాని చేతిలో పెట్టాలి. ఇవేవీ చేయకుండా బానెట్ ఎత్తి, ఒకసారి రేజ్ చేసి, సైలెన్సర్ వెనక పొగ చూసి, "దీని పనైపోయిందండి, ఇంజన్ మార్చేయండి" అనేవాడిని నేను మెకానిక్ అనను. వాడు చేసేది దోపిడీ. ఇది కోపంతోనే రాస్తున్నాను. నిడదవోలు నుంచి విజయవాడ దాకా ఈ దోపిడీ పట్టపగలు నడుస్తోంది. బాగుచేసుకుంటే ఇంకో ఇరవై ఏళ్లు తిరగాల్సిన ఇంజన్లు పాత ఇనుము కింద కాటాకెక్కుతున్నాయి.

ఈ దెబ్బ అందరికీ తగులుతుంది గానీ, వేగం కోసం తయారైన కార్లు పెట్టుకున్నవాళ్లకి మరీ గట్టిగా తగులుతుంది. వాళ్లు కారు కొన్నదే ఆ ఇంజన్ కోసం. పాత హోండా సిటీ 1.5 వీటెక్‌నే తీసుకోండి. 1,493 సీసీ, 106 హార్స్ పవర్. 2003లో ఆ మోడల్ ఆపేసి కొత్త తరం సిటీ తెచ్చినప్పుడు అందులో మొదట పెట్టింది 77 హార్స్ పవర్ ఇంజన్. కొత్త కారు వచ్చింది, బలం తగ్గింది. అందుకే పాత వీటెక్ కోసం ఇప్పటికీ వెతుక్కునేవాళ్లు ఉన్నారు. దాని గొప్పంతా హెడ్డులో ఉంది. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నంతసేపూ వాల్వులు కొద్దికొద్దిగా తెరుచుకుంటాయి. వేగం పెరిగాక ఆయిల్ ప్రెషర్ ఒక చిన్న పిన్నును తోసి రాకర్ ఆర్ములను ఒకటిగా బిగిస్తుంది. అప్పుడు పెద్ద కామ్ పని అందుకుంటుంది, వాల్వులు ఇంకా లోతుగా, ఇంకాసేపు తెరుచుకుంటాయి. ఆ క్షణంలో కారు గొంతే మారిపోతుంది. ఒకసారి విన్నవాళ్లు మర్చిపోరు.

నిడదవోలులో నాకు బాగా తెలిసినవాళ్ల ఇంట్లో అలాంటి కారొకటి ఉంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలం పొగ వచ్చేది. ఆయిల్ తాగేది. పై వేగాల్లో పికప్ పూర్తిగా చచ్చిపోయింది. అన్ని కంపెనీల కార్లూ చూసే ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకెళ్తే, టీ తాగి వచ్చేలోపు తేల్చేశారు. ఇంజన్ పోయిందట. కొత్తది దొరకదు కాబట్టి పాత సామాన్ల మార్కెట్ నుంచి వేరే ఇంజన్ తెప్పించి ఎక్కిస్తారట. కంప్రెషన్ గేజ్ అయినా పెట్టారా అంటే పెట్టలేదు. ప్లగ్గులు విప్పి చూశారా అంటే అదీ లేదు.

ఆ కారును రాజమండ్రి తెచ్చి ఇంజన్ దింపించారు. బ్లాకును కిరోసిన్‌తో కడిగి తుడిచి బల్ల మీద పెట్టినప్పుడు నేను పక్కనే నిలబడి చూశాను. బోరింగ్ షాపు పెద్దాయన గేజ్‌ను సిలిండర్‌లోకి దించి పైన ఒకచోట, నడుమ ఒకచోట, అడుగున ఒకచోట ముల్లు చూశాడు. గేజ్‌ను అడ్డంగా తిప్పి మళ్లీ అవే మూడు చోట్ల చూశాడు. పైకీ కిందకీ తేడా వస్తే టేపరు, అడ్డానికీ నిలువుకీ తేడా వస్తే ఓవల్. ఒక్కో సిలిండర్‌కి ఆరు అంకెలు. అన్నీ సుద్దముక్కతో బ్లాకు పక్కనే బల్ల మీద రాశాడు. కంపెనీ బోరు 75 మిల్లీమీటర్లు. మూడు సిలిండర్లు లిమిట్‌లోనే ఉన్నాయి. రెండోదాంట్లో మాత్రం గోరు పెడితే తగిలేంత గీత ఉంది. "ఆయ్, బ్లాకు బానే ఉందండి బాబూ. నాలుగు సిలిండర్లూ పావు మిల్లీమీటరు లాగేసి ఓవర్‌సైజు పిస్టన్లు ఏస్కుంటే సరిపోద్దండి" అన్నాడు. క్రాంక్‌కి గ్రైండింగ్ అవసరమే రాలేదు, పాలిష్ చేసి స్టాండర్డ్ బేరింగులే వేశారు. వాల్వ్ సీళ్లు పిండితే పెళుసుగా విరిగిపోతున్నాయి. రాత్రంతా ఆ సీళ్లలోంచి కారిన ఆయిలే పొద్దున నీలం పొగై వచ్చేది.

మరి పికప్ మాటేమిటి? వీటెక్ సొలినాయిడ్ కింద గోరంత జల్లెడ ఒకటి ఉంటుంది. అది మడ్డి పట్టి పూడుకుపోయింది. ఆయిల్ ప్రెషర్ అందక పిన్ను కదలడమే లేదు, పెద్ద కామ్ పట్టుకోవడమే లేదు. కడిగితే పోయే మడ్డికి మొత్తం ఇంజన్ తీసి పారేయమన్నారు! ఆ ఎస్టిమేట్ రాసిన చేతికి ఏ శిక్షా లేదు.

మార్కెట్ నుంచి తెచ్చే ఇంజన్ సంగతి చూడండి. అది ఏ కారులోంచి ఊడదీసిందో తెలియదు. ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిందో, ఎన్నిసార్లు నీళ్లు లేక వేడెక్కిందో, ఆ కారు బోల్తా పడిందో, అసలు దొంగిలించిందో చెప్పేవాడు లేడు. పైపైన కడిగి సిల్వర్ పెయింట్ కొట్టి పంపిస్తారు. మన ఇంజన్‌ను కొలవకుండానే పోయిందన్నవాళ్లు, ఊరూ పేరూ లేని ఆ ఇంజన్‌ను కొలవకుండానే బాగుందంటారు. చట్టం సంగతి సరేసరి. ఇంజన్ నంబరు ఆర్సీలో రాసి ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్టరింగ్ అధికారి ఆమోదం లేకుండా ఇంజన్ మార్చినవాళ్లు 14 రోజుల్లోపు ఆర్టీఓకి తెలియజేసి ఆర్సీలో ఎక్కించుకోవాలి. ఈ ముక్క ఇంజన్ అమ్మేవాడు చెప్పడు. రేపు యాక్సిడెంటై ఇన్సూరెన్స్ సర్వేయర్ నంబరు సరిచూస్తే, పోలీసు ఆపి నంబరు సరిచూస్తే, నిలబడి సమాధానం చెప్పాల్సింది యజమానే.

అలాగని రీబిల్డ్ పేరుతో మన మెకానిక్కులు చేసే పాపాలను వెనకేసుకురాను. పెద్ద వర్క్‌షాపుల నోటికి ఆయుధం అందించింది వాళ్లే. బోరు కొలవకుండా పాత సిలిండర్‌లో కొత్త రింగులు తోసేసి 'హాఫ్ ఇంజన్ పని చేశాం' అంటారు. ఓవల్ తిరిగిన బోరులో కొత్త రింగు ఎలా కూర్చుంటుంది? రెండు నెలలకి మళ్లీ పొగ. గ్యాస్కెట్ పెట్టాల్సిన చోట అనాబాండ్ జిగురు వేళ్లతో పులుముతారు. లోపలికి పిండుకున్న ముక్కలు ఊడి ఆయిల్ పికప్ జాలీకి అడ్డం పడతాయి, బేరింగులు ఎండి అరిగిపోతాయి. హెడ్డు బోల్టులకు టార్క్ రెంచ్ వాడరు, "చేతికి తెలిసిపోద్దండి" అంటారు. ఏడు వేల ఆర్పీఎం దాకా తిరగాల్సిన ఇంజన్‌ను చేతి అంచనాతో బిగిస్తే అది ఎన్నాళ్లు నిలుస్తుంది? రింగు కొసల మధ్య ఖాళీ ఫీలర్ గేజ్‌తో చూడని వాడు, బేరింగుకీ జర్నల్‌కీ మధ్య సందు లెక్కగట్టని వాడు, లారీల షెడ్డు పక్కన దుమ్ములో హెడ్డు విప్పి గోనెసంచి కప్పి పోయేవాడు పెర్ఫార్మెన్స్ ఇంజన్ జోలికి రాకూడదు. బతికే ఇంజన్‌ను చంపే పని ఇది.

మార్చక తప్పని సందర్భాలు ఉన్నాయి, వాటిని ఒప్పుకోవాల్సిందే. రాడ్డు విరిగి బ్లాకు గోడ చీల్చుకుని బయటికొస్తే ఆ బ్లాకు పోయినట్టే. మెయిన్ బేరింగుల దగ్గర పగిలితే పోయినట్టే. క్రాంక్‌ను చివరి అండర్‌సైజు దాకా ఇదివరకే రుబ్బేసి ఉంటే ఇంకో క్రాంక్ వెతుక్కోవాలి. కొన్ని ఇంజన్లలో ఇనుప లైనరే ఉండదు. నిస్సాన్ జీటీ-ఆర్ సిలిండర్ల లోపల ప్లాస్మాతో చల్లిన పలచని లోహపు పూత ఉంటుంది, దాన్ని మామూలు బోరింగ్ మిషన్ మీద లాగితే ఉన్నదీ పోతుంది. అలాంటి పనికి స్లీవులు కూర్చోబెట్టే సరంజామా, ఆ చేయి తిరిగినవాళ్లు కావాలి. అవి లేనిచోట మొండికేస్తే నష్టపోయేది యజమానే. ఇలాంటి చోట ఇంజన్ మార్చమంటే నేను అడ్డుపడను. కానీ పగులు చూపించి చెప్పాలి, ఫొటో తీసి ఇవ్వాలి. మాటతో సరిపెడితే కుదరదు.

2001 నుంచి 2003 దాకా వచ్చిన బీఎండబ్ల్యూ ఎం3 కార్ల ఇంజన్లలో రాడ్డు బేరింగులు ముందే అరిగిపోయి కొన్ని ఇంజన్లు పగిలిపోయాయి. కంపెనీ దిగివచ్చి కార్లను వెనక్కి పిలిచి బేరింగులు మార్చింది. ఎనిమిది వేల ఆర్పీఎం తిరిగే ఆరు సిలిండర్ల ఇంజన్ అది. దాన్ని కాపాడింది వేలెడు వెడల్పున్న పన్నెండు బేరింగు ముక్కలు. సంపు దింపి, అడుగు నుంచే మార్చే పని. సకాలంలో చిన్న భాగం మారిస్తే పెద్ద ఇంజన్ బతుకుతుందని తయారుచేసినవాళ్లే చేతల్లో ఒప్పుకున్నారు. మన ఊళ్లో బేరింగు చప్పుడు వినగానే మొత్తం ఇంజన్‌కి కొటేషన్ రాసేవాళ్లు దీనికేం జవాబు చెబుతారు?

అసలు నా ఒళ్లు మండేది వరదలప్పుడు. మా వైపు వానాకాలం అంటే ఎర్రకాలువ భయం. 2024 జులైలో అది పొంగి నిడదవోలు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పొలాలను ముంచింది. ఆ తర్వాత సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ మీద పడింది. సింగ్‌నగర్ చుట్టూ వేలాది బండ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. నీళ్లు తీశాక జనం కంగారులో చేసిన మొదటి పని తాళం తిప్పడం. గాలిని పిస్టన్ కుదించగలదు గానీ, నీటిని కుదించడం దాని వల్ల కాదు. సిలిండర్‌లో నీళ్లుండగా క్రాంక్ తిరిగితే ఆ బలమంతా కనెక్టింగ్ రాడ్డు మీద పడి అది వంగిపోతుంది. కానీ ఆపి పెట్టిన చోటే మునిగి, ఎవరూ తాళం తిప్పని కారు సంగతి పూర్తిగా వేరు. దాని రాడ్డు వంగే పనే లేదు. ప్లగ్గులు ఊడదీసి నీళ్లు బయటికి కొట్టించి, ఆయిలు, ఫిల్టరు మార్చి, క్రాంక్‌ను స్పానరుతో చేత్తో తిప్పి చూసి, ఆ తర్వాత కంప్రెషన్ పెట్టి చూడాలి. బురద చేరిందనిపిస్తే సంపు విప్పి బేరింగులు చూడాలి. వారాల తరబడి వదిలేస్తే బోరు తుప్పు పడుతుంది కాబట్టి ఇదంతా వెంటనే జరగాలి.

ఈ రెండు రకాల కార్లకీ ఒకే ఎస్టిమేట్ రాస్తున్నారు. 'ఇంజన్ అసెంబ్లీ, ఒకటి' అని ఒక్క లైను. విప్పింది లేదు, చూసింది లేదు. ఆ ఒక్క లైను ఎంత పని చేస్తుందో చాలామందికి తెలియదు. ఇన్సూరెన్స్ లెక్కలో కారుకి ఐడీవీ అని ఒక విలువ కడతారు. రిపేరు ఖర్చు అందులో 75 శాతం దాటితే కారును టోటల్ లాస్ కింద రాసేస్తారు. ఐడీవీ 4 లక్షలున్న కారుకి బిల్లు 3 లక్షలు దాటిందంటే కథ అయిపోయినట్టే. ఏళ్లు గడిచిన మంచి కార్లకి ఐడీవీ ఎటూ తక్కువే ఉంటుంది. కాబట్టి పూర్తి ఇంజన్ ధర ఎస్టిమేట్‌లో పడగానే, రెండు రాడ్లు మారిస్తే నడిచే కారు కాగితం మీద చచ్చిపోతుంది. దాన్ని వేలంలో కొనేవాడు ఏ ఆశతో కొంటున్నాడో ఒక్కసారి ఆలోచించండి. వాడు ఇంజన్ విప్పుతాడు. యజమాని కోసం చేయని పని వాడు తన కోసం చేసుకుంటాడు.

పైగా, నీళ్లున్న ఇంజన్‌ను స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టాన్ని మామూలు పాలసీ భరించదు. ఇంజన్ ప్రొటెక్షన్ అనే యాడ్-ఆన్ వేరే డబ్బు కట్టి తీసుకుని ఉండాలి. పాలసీ అమ్మేటప్పుడు ఈ మాట గట్టిగా చెప్పేవాళ్లు తక్కువ. డెల్టాలో కారు కొన్నవాడికి అన్నిటికంటే ముందు చెప్పాల్సిన మాట ఇదే!

కంపెనీల పాపం అన్నిటికంటే పెద్దది. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. బయటి మెకానిక్కులకు అసలు స్పేర్ పార్టులు, డయాగ్నస్టిక్ పరికరాలు, రిపేరు సమాచారం దొరకకుండా కట్టడి చేశారన్నది వాళ్ల మీద తేలిన తప్పు. అప్పీళ్లు నడిచాయి, ఏళ్లు గడిచాయి. ఆ తీర్పు వచ్చి పదేళ్లు దాటినా రాజమండ్రిలో ఒక బోరింగ్ షాపాయన చాలా కార్లకి ఓవర్‌సైజు పిస్టన్ కావాలంటే కౌంటర్‌లో దొరకదు. బేరింగు అడిగితే క్రాంక్‌తో సహా కొనమంటారు, రింగులు అడిగితే షార్ట్ బ్లాక్ కొనమంటారు. చిన్న ముక్క అమ్మకపోవడమే వాళ్ల వ్యాపారం. పావు మిల్లీమీటరు ఓవర్‌సైజు పిస్టన్ల సెట్టు అమ్మితే వచ్చే లాభానికీ, ఇంజన్ అసెంబ్లీ అమ్మితే వచ్చే లాభానికీ ఎంత తేడా ఉంటుందో చెప్పడానికి లెక్కల మాస్టారు అక్కర్లేదు.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ తెరిచింది. వ్యవసాయ యంత్రాలు, సెల్‌ఫోన్లు, గృహోపకరణాలతో పాటు వాహనాలూ అందులో ఉన్నాయి. మంచిదే. కానీ పోర్టల్‌లో కంపెనీ ఫోన్ నంబరు పెడితే పిస్టన్ దొరుకుతుందా? చట్టం కావాలి, దాన్ని మీరితే శిక్ష కావాలి. ఈలోగా అదే కేంద్రం ఇరవై ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును 2025 ఆగస్టులో 10 వేల రూపాయలు చేసింది. బాగుచేసుకునే దారి మూసేసి, ఉంచుకున్నందుకు డబ్బు గుంజితే జనానికి మిగిలేది తుక్కు కొట్టొక్కటే.

"రీబిల్డ్ చేసిన ఇంజన్‌కి మునుపటి సత్తా ఎక్కడిదండీ" అని పెదవి విరిచేవాళ్లు మా నిడదవోలు జంక్షన్ ప్లాట్‌ఫాం మీద పెరిగినవాళ్లే. నరసాపురం లైన్లో, మెయిన్ లైన్లో డీజిల్ ఇంజన్లు లాగిన కాలం వాళ్లకి గుర్తుండే ఉంటుంది. రైల్వే వాళ్లు డీజిల్ ఇంజన్లను నడివయసులో పటియాలా కర్మాగారానికి పంపి మొత్తం విప్పి కొత్తగా కట్టేవారు. 2,600 హార్స్ పవర్‌తో పుట్టిన డబ్ల్యూడీఎం-2 ఇంజన్లు అక్కణ్నుంచి 3,100 హార్స్ పవర్‌తో తిరిగొచ్చాయి. సత్తా తగ్గలేదు, పెరిగింది. అంత దూరం ఎందుకు, డెల్టాలో ఏ రైతునైనా అడగండి. ట్రాక్టర్ ఇంజన్ బోర్‌కొస్తే స్లీవులు, పిస్టన్లు, రింగుల సెట్టు తెప్పించి వేయించుకుంటాడు గానీ ఇంజన్ మార్చేయమని అడగడు. ఎందుకంటే ఆ ట్రాక్టర్ తయారుచేసినవాళ్లు స్లీవు ఊడివచ్చేలా తయారుచేశారు, ఆ సెట్టు ఊరి సెంటర్లోనే దొరికేలా అమ్ముతున్నారు. పదిహేను లక్షలు పోసి కొన్న కారుకి లేని ఈ సౌకర్యం దుక్కి దున్నే బండికి ఉంది.

పాత కారు మీద అంత ఖర్చెందుకు, అమ్మితే అందులో సగం రాదు కదా అనే వాదన కూడా విన్నాను. అమ్మాలనుకునేవాళ్లు అమ్ముకోవచ్చు. ఉంచుకుని నడపాలనుకునేవాళ్లు రీబిల్డ్ ఖర్చును పోల్చాల్సింది అమ్మకం ధరతో కాదు. అలాంటి ఇంజన్ ఉన్న కారు ఈ రోజు కొత్తగా కొనాలంటే ఎంతవుతుందో దానితో పోల్చాలి. ఆ లెక్క వేసి చూస్తే బోరు చేయించి, హెడ్డు ఫేసింగ్ కొట్టించి, వాల్వులు గ్రైండ్ చేయించి, రన్నింగ్-ఇన్ అయ్యేదాకా ఓపిగ్గా నడిపి ఆయిల్ మార్చుకోవడమే చవక.

ప్రభుత్వాన్ని నేను కోరేది ఇది. ఇంజన్ మార్చాలని ఎస్టిమేట్ రాసే ప్రతి వర్క్‌షాపూ విప్పి కొలిచిన అంకెలు, కంపెనీ లిమిట్లు పక్కపక్కన రాసి సంతకంతో ఇచ్చి తీరాలని నిబంధన పెట్టండి. ఆ కాగితం లేకపోతే ఇన్సూరెన్స్ సర్వేయర్ టోటల్ లాస్ రాయకూడదు. ఊడదీసిన భాగాలు యజమానికి తిరిగి ఇవ్వాలి. ఓవర్‌సైజు పిస్టన్లు, రింగులు, బేరింగులు విడిగా అమ్మని కంపెనీకి ఇక్కడ కారు అమ్మే అనుమతి ఉండకూడదు.

ఇది చదువుతున్న మీకు ఒక మాట. కారు నీళ్లలో ఆగితే తాళం తిప్పకండి, లాగించుకుని రండి. ఎవరైనా ఇంజన్ మార్చమంటే కొలతల కాగితం అడగండి. ఇవ్వం అంటే ఎస్టిమేట్ మీద సంతకం చేయకుండా, కారును టో బండి మీద ఎక్కించుకుని వచ్చేయండి. బోర్ గేజ్ పట్టుకోవడం తెలిసిన షాపులు రాజమండ్రిలో ఉన్నాయి, విజయవాడ ఆటోనగర్‌లో ఉన్నాయి. ఇంజన్ అక్కడ దింపించి, గేజ్ పెట్టేటప్పుడు మీరు పక్కనే నిలబడండి.